చౌక శాంప్లర్ ఎల్పీలు (జాజ్, పాప్): తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రికార్డుల పిచ్చి ఈ మధ్య మనవాళ్లలో మళ్లీ మొదలైంది. అమెరికాలో ఉన్నవాళ్లు గుడ్‌విల్ అనే పాత సామాన్ల షాపులోనో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు చారిటీ షాపులోనో పది పన్నెండు మంది పేర్లున్న ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) ఒకటి చూసి, ఫొటో తీసి, "ఇది కొనొచ్చా?" అని అడుగుతుంటారు. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారట్లేదు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి. ఇందులో ఉన్నదంతా దాదాపుగా 1955 నుంచి 1975 దాకా అమెరికా, ఇంగ్లండ్ కంపెనీలు వేసిన డిస్కుల గురించే. ఈ వ్యాపారం జోరుగా నడిచింది అక్కడే.

## కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు

శాంప్లర్ అంటే ఏంటి? "బెస్ట్ ఆఫ్" లాంటిదేనా?

కాదు. "బెస్ట్ ఆఫ్" అంటే ఒకరి హిట్లన్నీ ఏరి వేసి, దాని మీదే లాభం చూసుకునే డిస్కు. శాంప్లర్ మీద కంపెనీ పెద్దగా లాభం చూసుకోదు. తన దగ్గరున్న కళాకారులవి తలా ఒక పాట వేసి, "వీళ్ల పూర్తి ఆల్బమ్ కూడా మా దగ్గరే ఉంది" అని చెప్పడానికి చౌకగా వదులుతుంది. స్వీట్ షాపులో చిన్న ముక్క చేతిలో పెట్టి రుచి చూడమంటారు చూడండి, సరిగ్గా అదే పని. గుర్తుపట్టడం కూడా తేలికే, అట్ట వెనక ప్రతి పాట పక్కన అది ఏ ఆల్బమ్‌లోదో, దాని కేటలాగ్ నంబరు ఎంతో వేసి ఉంటుంది. అన్నిసార్లూ కాదు గానీ, ఆ నంబర్లు కనిపిస్తే చాలావరకు అది శాంప్లరే.

అంత తక్కువకి ఎలా ఇచ్చారు? కంపెనీకి నష్టం కాదా?

లెక్క చూద్దాం. 1955 జనవరిలో ఆర్‌సీఏ విక్టర్ తన ఎల్పీ ధరని 3.98 డాలర్లకి దించింది, మిగతా కంపెనీలూ దించక తప్పలేదు. అదే ఏడాది కొలంబియా "ఐ లైక్ జాజ్!" అనే శాంప్లర్‌ని 98 సెంట్లకి పెట్టింది, అంటే మామూలు డిస్కు ధరలో నాలుగో వంతు. రికార్డింగ్ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. కొత్తగా పెట్టేదల్లా డిస్కు ప్రెస్ చేయడానికి, అట్టకి, రాయల్టీలకి.

ఇబ్బంది పెట్టింది రాయల్టీయే. అమెరికాలో 1909 చట్టం ప్రకారం పాట రాసినవాళ్లకి, పబ్లిషర్‌కి కలిపి కాపీకి పాటకి 2 సెంట్లు, ఆ రేటు 1978 దాకా కదల్లేదు. పన్నెండు పాటలు వేస్తే 24 సెంట్లు. నాలుగు డాలర్ల డిస్కు మీద అది పెద్ద లెక్క కాదు గానీ 98 సెంట్ల డిస్కు మీద పావు వంతు ఎగిరిపోతుంది! అందుకే చౌక డిస్కు వేసేవాడికి పాటలు తగ్గించాలనీ, పబ్లిషర్‌ని బతిమాలి రేటు తగ్గించుకోవాలనీ అనిపించడంలో వింతేం లేదు. ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు, అక్కడ 1956 చట్టం ప్రకారం డిస్కు ధరలో 6¼ శాతం. ధర తగ్గితే రాయల్టీ కూడా దానంతటదే తగ్గుతుంది, చౌక డిస్కులవాళ్లకి అది బాగా కలిసొచ్చింది.

ఇంత లెక్క వేసుకున్నాక కూడా కాస్త నష్టం వస్తే, దాన్ని ప్రకటనల ఖర్చులో రాసేసుకునేవాళ్లు.

పేరున్నవి ఏవి? దేనితో మొదలుపెట్టమంటారు?

మూడు చెప్తాను, మూడూ మూడు రకాలు.

జాజ్ కావాలంటే ఆ "ఐ లైక్ జాజ్!" మంచిది. ఎంపిక వెనక ఉన్నది కొలంబియాలో జాజ్ ఆల్బమ్‌లు చూసిన జార్జ్ అవాకియన్. రాగ్‌టైమ్‌తో (జాజ్‌కి ముందటి పియానో సంగీతం) మొదలుపెట్టి బెస్సీ స్మిత్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, డ్యూక్ ఎలింగ్టన్ మీదుగా అప్పటి కుర్ర డేవ్ బ్రూబెక్ దాకా తీసుకొస్తుంది. ఒక్క డిస్కులో జాజ్ చరిత్ర అనే మాట అతిశయోక్తే, ఎందుకంటే కొలంబియా గోదాములో లేనివాళ్లెవరూ ఆ చరిత్రలో లేరు. అయినా పాఠంలా కాకుండా వినేలా పేర్చారు.

పాప్, రాక్ వైపు వెళ్తే, 1968లో ఇంగ్లండ్‌లో సీబీఎస్ వేసిన "ద రాక్ మెషీన్ టర్న్స్ యూ ఆన్". ధర 14 షిల్లింగుల 11 పెన్నీలు, మామూలు ఎల్పీ ధరలో సగానికి కాస్త అటూ ఇటూ. బాబ్ డిలన్, సైమన్ అండ్ గార్ఫంకెల్, లెనార్డ్ కోహెన్ పక్కనే అక్కడి కుర్రాళ్లు పేరు కూడా వినని అమెరికన్ బ్యాండ్లు. జాజ్ హార్న్‌లతో (ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యాలు) రాక్ వాయించిన బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ కూడా ఇందులోనే ఉన్నారు. ఇది ఎంత అమ్ముడుపోయిందంటే, ప్రచారం కోసం వేసిన డిస్కు తానే బ్రిటిష్ ఆల్బమ్ చార్టులోకి ఎక్కి కూర్చుంది. మరుసటి ఏడాది ఐలండ్ కంపెనీ దాదాపు అదే ధరకి "యూ కెన్ ఆల్ జాయిన్ ఇన్" దించింది.

మూడోది ఒక డిస్కు కాదు, వరస. 1969 నుంచి 1980 దాకా వార్నర్, రిప్రైజ్ కంపెనీలు పోస్టులో అమ్మిన "లాస్ లీడర్స్". డబుల్ ఎల్పీ 2 డాలర్లు, పోస్టేజీతో సహా. మామూలు ఆల్బమ్ లోపలి కవరు మీద కూపన్ ఉండేది, కత్తిరించి డబ్బులతో పంపితే డిస్కు ఇంటికొచ్చేది. స్టాన్ కార్నిన్ అనే ఆయన తన కంపెనీ మీదే జోకులు వేసుకుంటూ రాసిన అట్టల కోసమైనా ఒకటి ఇంట్లో ఉండాలి. నన్నడిగితే మొదటిసారి కొనేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి.

జాజ్‌నీ పాప్‌నీ ఒకే డిస్కులో ఎందుకు కలిపారు? రెండూ వేరు కదా?

షాపులో అరలు వేరు గానీ కంపెనీ ఒకటే. కొలంబియానే తీసుకోండి, మైల్స్ డేవిస్, డేవ్ బ్రూబెక్ ఉన్నది అక్కడే, డోరిస్ డే, జానీ మాథిస్ ఉన్నదీ అక్కడే. అందరి మీదా పెట్టుబడి పెట్టినవాడికి పాప్ వినేవాళ్లలో పదిమందికి ఒకరైనా జాజ్ వైపు తిరిగితే అదనపు గిరాకీ. పైగా 1950ల్లో ఆ గీత అంత గట్టిగా లేదు. బిగ్ బ్యాండ్ ముందు నిలబడి సినాట్రా పాడితే అది జాజా పాపా అన్నది తాగిన టీ చల్లారేదాకా వాదించుకోవచ్చు.

అట్ట మీద హిట్ పాటలన్నీ ఉన్నాయి, పాడింది ఎవరో మాత్రం ఎక్కడా లేదు. ఇదీ శాంప్లరేనా?

కాదు, జాగ్రత్త. అది వేరేవాళ్లతో అచ్చం అలాగే పాడించిన నకలు. ఇంగ్లండ్‌లో "టాప్ ఆఫ్ ద పాప్స్", "హాట్ హిట్స్" అనే పేర్లతో ఇవి వాల్యూములకి వాల్యూములు వచ్చాయి. ఆ నెల హిట్లని స్టూడియో గాయకులతో గబగబా పాడించి, అట్ట మీద నవ్వుతున్న అమ్మాయి ఫొటో వేసి, పేపర్ల షాపుల్లో, సూపర్‌మార్కెట్లలో అమ్మేవాళ్లు. 1971 ఆగస్టులో బ్రిటిష్ చార్టులో చౌక డిస్కులకి కూడా చోటిచ్చారు. అంతే, ఈ నకళ్లు ఏకంగా ఒకటో నంబరుకి వెళ్లి కూర్చున్నాయి. అసలు కళాకారులున్న కంపెనీలకి ఒళ్లు మండదా మరి. 1972 జనవరికల్లా చౌక డిస్కుల్ని ఆ చార్టులోంచి తీసేశారు.

సరదాకి కొనుక్కుంటే తప్పులేదు, కొన్ని నకళ్లు వింటే నవ్వొస్తుంది, కొన్ని భలే బాగుంటాయి కూడా. కానీ అసలు రికార్డింగ్ కావాలనుకుంటే ప్రతి పాట పక్కనా పాడినవాళ్ల పేరు ఉందో లేదో చూడండి. పేరు ఉన్నా, "ఫలానావారి శైలిలో" అనే అర్థం వచ్చే చిన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి.

## షాపులో చేతిలోకి తీసుకున్నాక

ముందు ఏం చూడాలి?

అట్ట కాదు, డిస్కు. బయటికి తీసి బల్బు కింద వాలుగా పట్టుకోండి. వెంట్రుకల్లాంటి సన్న గీతలు కనబడితే కంగారు పడొద్దు, అవి చాలావరకు వినబడవు. గోరు కొసతో తడిమితే చేతికి తగిలే గీత మాత్రం ప్రతి చుట్టుకీ టిక్కుమంటుంది.

తర్వాత మధ్యలో రంధ్రం చుట్టూ లేబుల్ చూడండి. ప్లేయర్ కడ్డీ రంధ్రంలోకి దూరక తడబడిన ప్రతిసారీ లేబుల్ మీద సన్నటి మెరుపు గీత పడుతుంది. ఆ గీతలు గజిబిజిగా ఉంటే డిస్కు బాగా తిరిగిందన్నమాట. శాంప్లర్ల విషయంలో ఇది ముఖ్యం, ఎందుకంటే ఇవి పార్టీ డిస్కులు. ఒకదాని మీద ఒకటి పడే ఆటోచేంజర్ ప్లేయర్ల మీద, బరువైన ముల్లు కింద నలిగినవి. నల్లగా నిగనిగలాడాల్సిన గాడులు బూడిదరంగులోకి తిరిగి ఉంటే, గీత ఒక్కటీ లేకపోయినా ఆ డిస్కు అరిగిపోయిందనే లెక్క.

ఆఖరున అట్ట మీది పేరూ లేబుల్ మీది పేరూ ఒకటేనో కాదో చూడండి. పాత షాపుల్లో అట్టలు మారిపోవడం మామూలే.

అట్ట మూల కోసేసి ఉంది, ఇంకోదానికి రంధ్రం పొడిచారు. పాడైందా?

పాడవలేదు. అమ్ముడుపోని సరుకుని కంపెనీ కారుచౌకగా వదిలించుకునేటప్పుడు, షాపువాళ్లు మళ్లీ పూర్తి ధరకి వాపసు ఇవ్వకుండా అట్ట మూల కోసేవాళ్లు, లేదా డ్రిల్లుతో రంధ్రం పెట్టేవాళ్లు. వీటిని కటౌట్లు అంటారు. లోపల డిస్కు తరచుగా కొత్తదానిలాగే ఉంటుంది. డ్రిల్లు లేబుల్ దాకా దిగిందేమో మాత్రం చూసుకోండి, గాడులకి తగలనంతవరకు బెంగ లేదు.

సంవత్సరం ఎక్కడా లేదు. ఎప్పటిదో ఎలా కనిపెట్టాలి?

చౌక డిస్కుల మీద తేదీ వేయకపోవడం ఎక్కువే, పాత సరుకు అని తెలియకూడదు కదా. కానీ ఆనవాళ్లుంటాయి. అమెరికా అట్ట మీద కంపెనీ చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జూలై తర్వాతది. అమెరికా డిస్కు మీద వలయంలో పి అక్షరం ఉంటే 1972 లేదా ఆ తర్వాత. ఇంగ్లండ్ అట్ట మీద ధర షిల్లింగుల్లో మాత్రమే ఉంటే 1971 ఫిబ్రవరికి ముందుది, ఎందుకంటే ఆ నెల 15న వాళ్లు దశాంశ నాణేలకి మారారు. బార్ కోడ్ ఉందంటే 1970ల చివర లేదా ఇంకా తర్వాత. స్టీరియో అని ఉంటే 1957 చివరికి ముందు అయ్యే అవకాశం లేదు, పెద్ద ఎత్తున ప్రెస్ చేసిన మొదటి స్టీరియో ఎల్పీ ఆ నవంబర్‌లో ఆడియో ఫిడెలిటీ కంపెనీ వేసింది.

ఇవేవీ తేల్చకపోతే, ఆఖరి పాట అయ్యాక లేబుల్ దాకా ఉండే ఖాళీ జాగాలో చెక్కిన నంబర్ ఉంటుంది. దాన్ని డిస్కాగ్స్‌లో (రికార్డుల వివరాలు దొరికే వెబ్‌సైట్) వెతకండి. ఫోన్ టార్చి పక్కనుంచి కొడితే బాగా కనబడుతుంది.

పాట 1940లదట, డిస్కు మీద స్టీరియో అని ఉంది. ఎలా సాధ్యం?

నకిలీ స్టీరియో. 1960ల్లో స్టీరియో అని రాస్తేనే అమ్ముడుపోయేది, అందుకని మోనో (ఒకే చానెల్ ఉన్న) టేపుని తీసుకుని ఒక చానెల్‌లో బేస్, ఇంకో చానెల్‌లో ట్రెబుల్ పెంచి, ఒకదాన్ని రవ్వంత ఆలస్యంగా నడిపి, పైన కాస్త ఎకో చల్లేవాళ్లు. క్యాపిటల్ కంపెనీ దీనికి డ్యుయోఫోనిక్ అని దర్జాగా పేరు కూడా పెట్టింది. చౌక డిస్కుల్లో పాత జాజ్ ఎక్కువగా దొరికేది ఈ రూపంలోనే. "ఎలక్ట్రానికల్లీ రీప్రాసెస్డ్" లాంటి మాట అట్ట కింద మూలలో చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుంది.

ట్రంపెట్ బావిలోంచి వస్తున్నట్టు వినబడుతుంది, నాకైతే తలనొప్పి. యాంప్లిఫయర్ మీద మోనో స్విచ్ ఉంటే నొక్కండి, కొంత నయం. అదే సంకలనం మోనోలో దొరికితే కళ్లు మూసుకుని అది తీసుకోండి.

ఎంత పెట్టొచ్చు?

బయట కాఫీకి ఎంత పెడతారో అంత. ఇవి గుట్టలుగుట్టలుగా ప్రెస్ చేసినవి, ఈ వారం వదిలేస్తే వచ్చే నెల ఇంకోటి కనబడుతుంది. ఇండియా నుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట: డిస్కు కన్నా పోస్టేజీ, దాని మీద కస్టమ్స్ ఎక్కువవుతాయి. ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెమ్మనడమే మేలు.

ఆన్‌లైన్‌లో వీజీ అని పెట్టారు. అంటే వెరీ గుడ్ కదా, కొనేయనా?

ఆగండి. అమ్మకాల భాషలో వీజీ అంటే గరగర బాగానే వినబడుతుంది, పాట మాత్రం ఆగకుండా నడుస్తుంది అని. హాయిగా వినాలంటే వీజీ ప్లస్ లేదా నియర్ మింట్ (దాదాపు కొత్తది) చూడండి. ఉత్త "గుడ్" అని ఉంటే గోడకి తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు.

## ఇంటికి తెచ్చి ప్లేయర్ మీద పెట్టాక

సూట్‌కేస్ ప్లేయర్ మీద వేస్తే పాడవుతుందా?

ఒకసారి వేస్తే ఏమీ కాదు, రోజూ వేస్తే అరుగుతుంది. ముల్లు బిగించే చిన్న భాగాన్ని కార్ట్‌రిడ్జ్ అంటారు. మంచి మాగ్నెటిక్ కార్ట్‌రిడ్జ్ ముల్లు డిస్కు మీద మోపే బరువు మామూలుగా ఒకటిన్నర, రెండు గ్రాములు. చౌక సిరామిక్ కార్ట్‌రిడ్జ్‌లది దాదాపు దానికి రెట్టింపు, కొన్నిటిది ఇంకా ఎక్కువ. శాంప్లర్ ఎలాగూ చౌకదే కదా అనుకుంటే కానివ్వండి. ఒకటే షరతు, ముల్లు ఎన్నాళ్ల నాటిదో తెలియకపోతే ముందు దాన్ని మార్చండి. అరిగిన ముల్లు చేసే నష్టం ముందు బరువు ఒక లెక్క కాదు.

దుమ్ము పట్టి ఉంది. ఎలా కడగాలి?

డిస్టిల్డ్ వాటర్, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ, గాడుల వెంబడి గుండ్రంగా తుడవడం. లేబుల్ తడవనివ్వకండి. కుళాయి నీళ్లు వద్దు, మన బోరు నీళ్లయితే అసలే వద్దు, ఆరాక గాడుల్లో తెల్లటి ఉప్పు మిగులుతుంది.

ఎల్పీలతో పాటు ఇంట్లో తాతల నాటి 78 డిస్కులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) కూడా ఉంటే వాటికి స్పిరిట్ తగలనివ్వొద్దు. అవి వినైల్ కాదు, లక్కతో చేసినవి, స్పిరిట్‌లో లక్క కరిగిపోతుంది. అన్నట్టు ప్రపంచంలో 78లకి వాడిన లక్కలో సింహభాగం వెళ్లింది మన దేశం నుంచే. ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ మొదట జనానికి వినబడింది మన అడవుల్లోని లక్క పురుగుల పుణ్యాన అని సరదాగా అనుకోవచ్చు.

ప్రతి వైపూ చివరి పాట మాత్రమే గరగరలాడుతోంది. ప్లేయర్ తప్పా, డిస్కు తప్పా?

సగం ఎల్పీ తప్పే. డిస్కు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 1.8 సెకన్లు. బయటి అంచు దగ్గర ఆ 1.8 సెకన్లలో ముల్లు కింద దాదాపు 92 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 38 సెంటీమీటర్లే. అదే శబ్దాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి, అందుకే గాయని "స" అన్నప్పుడల్లా, డ్రమ్స్ పక్కనుండే సింబల్ తాళం మోగినప్పుడల్లా చిట్లినట్టు వినబడుతుంది. తెలివైన కంపెనీలు చివర్లో నెమ్మదైన పాట పెడతాయి. హడావుడిగా వేసిన శాంప్లర్లలో మాత్రం పెద్ద బ్యాండు పాట తెచ్చి చివర్లో పెట్టి చేతులు దులుపుకుంటారు.

కార్ట్‌రిడ్జ్ సరిగ్గా బిగించి ఉందో లేదో ఒకసారి ప్రొట్రాక్టర్ (ఆ అమరిక సరిచూసే కొలబద్ద) పెట్టి చూసుకోండి, చాలా తేడా వస్తుంది. అయినా తగ్గకపోతే పాత యజమాని ముల్లు అక్కడ గాడిని కోసేసిందన్నమాట, ఇక దానికి మందు లేదు.

మిగతా ఎల్పీల కన్నా సౌండ్ చిన్నగా ఉంది. ఎందుకు?

పాటలు ఎక్కువ ఇరికించారు. ఒక వైపు 18 నుంచి 22 నిమిషాలైతే గాడి దర్జాగా వెడల్పుగా వేయొచ్చు. 27, 28 నిమిషాలు పట్టించాలంటే గాడులు దగ్గర దగ్గరగా వేయాలి, అలా వేయాలంటే సౌండ్, ముఖ్యంగా బేస్, తగ్గించి కోయాలి. వాల్యూమ్ పెంచుకోండి, దాంతో పాటు హిస్సూ పెరుగుతుంది, తప్పదు.

మోనో డిస్కుని స్టీరియో ప్లేయర్ మీద వేయొచ్చా?

నిశ్చింతగా వేయొచ్చు. ప్రమాదం రెండో వైపు నుంచే, అంటే స్టీరియో డిస్కుని చాలా పాత మోనో ప్లేయర్ మీద వేస్తే దాని ముల్లు పైకీ కిందకీ కదల్లేక గాడిని చెక్కేస్తుంది.

## వినడం మొదలుపెట్టాక

జాజ్ నాకు పూర్తిగా కొత్త. ఎవరికి వాళ్లు వాయించుకుంటున్నట్టుంది. ఎలా వినాలి?

ముందు బేస్ ఒక్కటే వినండి. పెద్ద డబుల్ బేస్, దుమ్ దుమ్ దుమ్ దుమ్ అని నాలుగు దెబ్బలకీ నాలుగు స్వరాలు, నడిచినట్టు. అది దొరికితే మిగతావాళ్లు ఎటుపోయినా మీరు దారి తప్పరు.

ఆ తర్వాత లెక్క పెట్టండి. చాలా పాటలకి చట్రం 32 బార్లు (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటి కొలత), ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. మొదటి రెండూ ఒకే ట్యూను, మూడోది వేరు, నాలుగోది మళ్లీ మొదటిదే. బ్లూస్ అయితే 12 బార్లు. ముందు అందరూ కలిసి ట్యూన్ వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరే అదే చట్రం మీద అప్పటికప్పుడు కల్పించుకుంటూ వెళ్తారు, చివర్లో మళ్లీ అందరూ ట్యూన్ దగ్గరికొస్తారు. మనకిది మరీ కొత్తేమీ కాదు, కచేరీలో పల్లవి తీసుకుని కల్పనస్వరాలు వేసి మళ్లీ పల్లవి దగ్గర పడే అలవాటున్న చెవికి ఇది తొందరగానే ఎక్కుతుంది. తేడా ఏంటంటే ఇక్కడ తాళంతో పాటు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) కూడా చుట్టు తిరుగుతుంటాయి.

పాత తెలుగు సినిమాల్లో ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్ పాటలు విని పెరిగినవాళ్లకి హార్న్‌లు, ఆ ఊపు ఎప్పుడో పరిచయమే. ఆ పరిచయంతోనే లోపలికి వెళ్లండి, పుస్తకం పట్టుకుని కాదు.

సోలో మంచి రసపట్టులో ఉండగా సౌండ్ తగ్గిపోయి ఆగిపోయింది. డిస్కు లోపమా?

లోపం కాదు, కత్తెర. అసలు ఆల్బమ్‌లో ఎనిమిది నిమిషాలున్న ముక్కని శాంప్లర్‌లో నాలుగు నిమిషాలకి ఫేడ్ చేసేస్తారు. చోటు కోసం కొంత, ఊరించడానికి కొంత. పాప్ పాటలకి దీంతో పెద్ద నష్టం లేదు, అవి ఎలాగూ మూడు నిమిషాలే. జాజ్‌కి మాత్రం ఇది అన్యాయం, ఆ తీసేసిన నాలుగు నిమిషాల్లోనే పియానో వంతు వచ్చేది. అట్ట మీద పాట నిడివి వేసి ఉంటే అసలు ఆల్బమ్ నిడివితో పోల్చుకోండి.

ఎవరెవరు వాయించారో ఎక్కడా రాయలేదు. ఎలా తెలుసుకోవాలి?

చౌక అట్టల మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు ఇదే. పాప్‌లో పాడినవాళ్ల పేరు చాలు గానీ, జాజ్‌లో డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు అన్నదే సగం సంగతి. అట్ట వెనక ఇచ్చిన అసలు ఆల్బమ్ పేరుతో వెతికితే దొరుకుతుంది. ఆల్బమ్ పేరు లేకపోతే పాట పేరుతో వెతకొద్దు, ఎందుకంటే ఎలింగ్టన్ లాంటివాళ్లు ఒకే ట్యూన్‌ని ఇరవై ముప్పై ఏళ్లలో వేర్వేరు బృందాలతో మళ్లీ మళ్లీ రికార్డు చేశారు. నిడివి, కంపెనీ, శాంప్లర్ వచ్చిన సంవత్సరం, ఈ మూడూ పట్టుకుంటే సరైన సెషన్ దొరుకుతుంది.

శాంప్లర్‌లో పాట నచ్చి పూర్తి ఆల్బమ్ కొన్నాను. మిగతా పాటలు ఒక్కటీ నచ్చలేదు. ఇదేం మోసం?

మోసం కాదు, వ్యాపారం. ఆల్బమ్‌లో అందరికీ తొందరగా ఎక్కే పాట ఏదో వెతికి అదే శాంప్లర్‌లో పెడతారు. ఇప్పుడైతే మనకో సౌకర్యం ఉంది, ఆల్బమ్ కొనేముందు మరో రెండు పాటలు స్ట్రీమింగ్‌లో వినండి. అప్పటి కుర్రాళ్లకి ఆ దారి లేదు పాపం.

## డిస్కు మీదే అయ్యాక

ఈ శాంప్లర్ స్ట్రీమింగ్‌లో ఎందుకు లేదు?

పాటలు చాలావరకు ఉంటాయి, వాటిని పేర్చిన ఆ డిస్కు ఉండదు. ఒక సంకలనం కోసం అప్పట్లో తీసుకున్న అనుమతులు ఆ సంకలనం వరకే, ఆ తర్వాత కంపెనీలు చేతులు మారాయి, కళాకారులు వేరే కంపెనీలకి పోయారు. అట్ట వెనక ఉన్న వరసలోనే మీరే ప్లేలిస్ట్ చేసుకోండి. ఒక్కటి గమనించండి, స్ట్రీమింగ్‌లో దొరికేది తర్వాత రీమిక్స్ చేసింది కావచ్చు, మోనోకి బదులు స్టీరియో కావచ్చు.

కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా? అందరికీ పంచొచ్చా?

మీరు వినడానికి మీ డిస్కు నుంచి కాపీ చేసుకుంటే ఇండియాలో ఇబ్బంది లేదు, సొంత వాడకానికి మన చట్టం వెసులుబాటు ఇస్తుంది. పంచడమే వేరే సంగతి. ఇక్కడ సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1955లో వచ్చిన రికార్డింగ్‌కి ఆ గడువు 2015తో అయిపోయింది. కానీ పాట రాసినవాళ్ల హక్కు విడిగా ఉంటుంది, వాళ్లు పోయాక 60 ఏళ్లు.

యూరప్‌లో 50 ఏళ్ల గడువుని 2013లో 70కి పెంచారు గానీ అప్పటికే గడువు తీరినవాటిని మళ్లీ లోపలికి తీసుకోలేదు. అందుకే 1962 దాకా వచ్చిన జాజ్ అంతా అక్కడ నాలుగేసి ఆల్బమ్‌లు కలిపి చౌక సీడీ బాక్సులుగా వస్తోంది, ఈ కాలపు శాంప్లర్లు అవే అనుకోండి. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త: 2018 చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చిన రికార్డింగులకి 2067 దాకా రక్షణ ఉంది. హైదరాబాద్‌లో గడువు తీరిన పాటని న్యూజెర్సీలో ఉన్న బావమరిది అప్‌లోడ్ చేస్తే నోటీసు రావచ్చు.

అన్నీ పోగేస్తే ముందు ముందు విలువ పెరుగుతుందా?

పెరగదు. ఎక్కువ ప్రెస్ చేసినవి, ఎక్కువమంది వాడేసినవి. ఒక్క మినహాయింపు, వేరే ఎక్కడా రాని పాట ఉన్న శాంప్లర్. వార్నర్ వాళ్ల వరసలో అలాంటివి కొన్ని ఉన్నాయి, వాటి కోసం ఆ బ్యాండ్ అభిమానులు కొట్టుకుంటారు. అయినా వాటికీ ఒక మాదిరి ధరే. పెట్టుబడి అనుకుంటే బంగారం కొనుక్కోండి.

మా ఊరి ఎండలకి డిస్కు వంకర తిరిగింది. బాగు చేయొచ్చా?

కొద్దిగా అయితే అలాగే వాయించండి, ముల్లు ఎగరనంతవరకు పరవాలేదు. రెండు అద్దాల మధ్య పెట్టి ఓవెన్‌లో వేడిచేయమని వీడియోలు తిరుగుతున్నాయి, వంకర తీరుతుందో లేదో గానీ గాడులు మెత్తబడితే శబ్దం పోతుంది, ఆ జోలికి పోకండి. ఇకమీదట నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. కిటికీ పక్క గోడ వద్దు, అటక అసలే వద్దు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ వేడి డిస్కు తట్టుకోలేదు. కారు వెనక సీట్లో పెట్టి "పది నిమిషాల్లో వస్తా" అని షాపింగ్‌కి వెళ్లొద్దు. వానాకాలంలో అట్టలకి బూజు పడుతుంది, ప్లాస్టిక్ కవరు మూతి పూర్తిగా మూసేయకుండా కాస్త గాలి ఆడనివ్వండి.